ఫోటో బాగా వచ్చింది

మా ఆసుపత్రిలో రోగుల ముందు ఎక్స్‌రే అనే మాట అనకూడదు. ఎవరు పెట్టిన ఆచారమో గానీ, నేను పనిలో చేరేటప్పటికే గట్టిగా నడుస్తోంది. ఎక్స్‌రే అంటే ఒంట్లోకి కరెంటు ఎక్కిస్తారనీ, రక్తం ఇగిరిపోతుందనీ పల్లెల్లో ఎక్కడో పుకారు పుట్టిందట. సగం మంది గది గుమ్మం దాకా వచ్చి, ఆ నల్లటి మెషిను చూసి, చెప్పులు కూడా వదిలేసి పారిపోయేవారట. అందుకని 'ఫోటో' అనమన్నారు. ఫోటో తీస్తామంటే రానివాళ్ళెవరు? వచ్చారు. పౌడరు పూసుకుని మరీ వచ్చారు.

అల్లూరు నుంచి ఒకావిడ పట్టుచీర కట్టుకుని, తలనిండా కనకాంబరాలు పెట్టుకుని వచ్చింది. "మొహం పడదమ్మా, రొమ్ము లోపల ఉండేదే పడుతుంది" అని చెప్పాను. "ఆ మాట ముందే చెప్పుంటే ఇంత ముస్తాబు దేనికి చేసుకుందును?" అని నా మీద అలిగింది. అప్పటి నుంచి ఆడవాళ్ళకు ముందే చెప్పేసేదాన్ని, పౌడరు దండగని. మగవాళ్ళకు చెప్పాలని తోచలేదు. వాళ్ళు ముస్తాబు చేసుకోరు గదా అనుకున్నాను.

అరవైల మొదట్లో మాట ఇది. మాది బిట్రగుంట రైల్వే కాలనీ. మా నాయన ఇంజన్లో బొగ్గు వేసేవాడు. నేను ఎస్సెల్సీ గట్టెక్కగానే, మా చర్చి పెద్దల చలవతో నెల్లూరులో ఆసుపత్రివాళ్ళు ఎక్స్‌రే పని నేర్చుకోవడానికి తీసుకున్నారు. బండెక్కించేటప్పుడు నాయన ఒకటే చెప్పాడు: "పని ఎట్లైనా నేర్చుకుంటావు. ఆ నోరు మాత్రం అదుపులో పెట్టుకోమ్మా." మా కాలనీలో ఇంజను కూత కంటే నా నోరే ముందు వినపడేదని ఆయన ఎగతాళి. కోపమొచ్చినా అరుపే, సంతోషమొచ్చినా అరుపే. నా పుట్టుక అట్లాంటిది.

మాకు పాఠం చెప్పేది పెద్ద డాక్టరమ్మ. మద్రాసులో చదివి వచ్చిన మనిషి. వారానికోసారి లైటుపెట్టె వెలిగించి, దాని మీద ఫిల్ములు తగిలించి, నర్సులకూ కొత్త డాక్టర్లకూ మాకూ కలిపి చెప్పేవారు. ఏది ఊపిరితిత్తి, ఏది గుండె నీడ, ఏది నిజంగా జబ్బు, ఏది మేము సరిగ్గా తియ్యక పడిన మచ్చ. ఆ చివరిది చెప్పేటప్పుడు నా వైపు చూసేవారు. ఫిల్మును మెచ్చుకోవడం ఆవిడ జాతకంలో లేదు.

పాపం, మెచ్చుకోవడానికేముంది? నెల్లూరు ఎండల్లో ఫిల్ము కడిగే మందునీళ్ళు వేడెక్కి ఫిల్ము మీది పూత జారిపోయేది. ఐసుగడ్డలు తెప్పించి తొట్టి చుట్టూ పేర్చేవాళ్ళం. సరిగ్గా మీట నొక్కే సమయానికి కరెంటు నీరసపడేది. అంతా కుదిరిందనుకుంటే రోగి ఊపిరి వదిలేసేవాడు. "గాలి పీల్చు, బిగబట్టు" అంటే కొందరు బుగ్గలు పూరించి నిలబడేవాళ్ళు, కొందరు కళ్ళు మూసుకుని దణ్ణం పెట్టేవాళ్ళు. అందుకని తీసిన తర్వాత రోగిని బయట బల్ల మీద కూర్చోబెట్టి, నేను చీకటిగదిలో ఫిల్ము కడిగి చూసి, సరిగ్గా రాకపోతే మళ్ళీ తీసేదాన్ని. వస్తే "బాగా వచ్చింది" అని చెప్పి డాక్టరు దగ్గరకు పంపేదాన్ని. బాగా రావడమంటే మాకు అది. ఫిల్ము బాగా రావడం.

అతను వాకాడు అవతల సముద్రపు ఒడ్డు పాళెం నుంచి వచ్చాడు. తెప్ప మీద వేటకు పోయే మనిషి, పాతికేళ్ళుంటాయేమో. రెండు నెలలుగా దగ్గు తగ్గడం లేదని వచ్చాడు. తలకు నీళ్ళు రాసి పాపిట తీసి దువ్వుకున్నాడు. గదిలోకి రాగానే మెషినును కింది నుంచి పై దాకా చూసి నవ్వాడు.

"టేషను కాడ స్టూడియోలో తీయించుకుందామనుకున్నా. ఈడ ఊరికేనే తీస్తారంటే ఇట్లొచ్చినా" అన్నాడు.

హాస్యమాడుతున్నాడనుకుని నేనూ నవ్వాను. "ఇక్కడ తీసినట్టు స్టూడియోలో తియ్యలేరులే అన్నా. రా, ఇట్లా నిలబడు. గడ్డం పైకెత్తు. భుజాలు ముందుకి. నేను చెప్పినప్పుడు గాలి పీల్చి బిగబట్టాల."

"ఎంతసేపు?"

"నేను వదలమనేదాకా."

"ఓస్, అంతేనా" అన్నాడు.

నీళ్ళలో మునిగి వల విడదీసే మనిషికి అదొక లెక్కా! గాలి పీల్చి బిగబట్టాడు. రాయి నిలబడినట్టు నిలబడ్డాడు. ఆ రోజు కరెంటు కూడా బుద్ధిగా ఉంది. నేను మీట నొక్కి, ఫిల్ము ఉన్న పలక పట్టుకుని సంబరంగా చీకటిగదిలోకి పోతూ, వదలమని చెప్పడం మరిచిపోయాను. తలుపు వెయ్యబోతూ వెనక్కి చూస్తే ఇంకా అట్లాగే నిలబడి ఉన్నాడు. మొహం ఎర్రబడింది, కళ్ళు నా వైపు తిప్పి చేత్తో సైగ చేస్తున్నాడు. "అయ్యో నా తల్లీ, వదులన్నా, వదులు!" అని అరిచాను. అతను ఫక్కున నవ్వి, నవ్వులోనే దగ్గాడు.

ఫిల్ము నీళ్ళలోంచి తీసి చూశాను. అంత చక్కటి ఫిల్ము నా చేతిలో అప్పటిదాకా పడలేదు. పక్కటెముకలు ఒక్కొక్కటీ గీసినట్టున్నాయి. గుండె నీడ వెనక వెన్నుపూస లీలగా కనపడుతోంది. డాక్టరమ్మ ఎప్పుడూ కావాలనేది అదే. జబ్బు ఉందా లేదా అని చూడాలన్న ఆలోచనే నాకు రాలేదు. చూడడం నా పని కాదు, నిజమే. కానీ ఊపిరితిత్తిలో పడిన గుల్ల ఎంత స్పష్టంగా ఉందంటే, గుడ్డివాళ్ళకు తప్ప అందరికీ కనపడుతుంది. నా పనితనం చూసుకుని మురిసిపోయే మనిషికి కనపడలేదు.

తడి చేతులతోనే బయటికి పరిగెత్తాను. "అన్నా! ఫోటో బ్రహ్మాండంగా వచ్చింది! ఇంత బాగా ఎవరికీ రాలేదు!"

"నిజంగానా?"

"నిజంగా. మళ్ళీ అక్కర్లేదు."

"మళ్ళీ అక్కర్లేదా?" అని రెట్టించి అడిగాడు.

"అక్కర్లేదు" అన్నాను.

అతని మొహం వెలిగిపోయింది. నాకు రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టాడు. తువ్వాలు దులిపి భుజాన వేసుకుని పోయాడు. డాక్టరు గది వైపే పోతున్నాడనుకుని నేను మళ్ళీ నా ఫిల్ము దగ్గరకు వెళ్ళాను.

మధ్యాహ్నం డాక్టరమ్మ ఆ ఫిల్ము లైటుపెట్టె మీద పెట్టి చాలాసేపు చూశారు. "ఎంత బాగా తీశావే అమ్మాయ్" అన్నారు. నా జన్మలో విన్న మొదటి మెప్పు. నేను గాల్లో తేలుతుండగానే ఆవిడ వేలు కుడివైపు మెడ ఎముక కింద ఆగింది. "ఇదేమిటో చెప్పు" అన్నారు, పాఠం అడిగినట్టే. పావలా బిళ్ళంత నల్లటి గుండ్రం, చుట్టూ తెల్లటి అంచు.

"గుల్లమ్మా" అన్నాను.

"క్షయ. మనిషిని లోపలికి పంపు."

బల్ల మీద లేడు. వరండాలో లేడు. గేటు దగ్గర సోడాల అతన్ని అడిగితే, ఎప్పుడో బస్సెక్కిపోయాడన్నాడు. తిరిగొచ్చి, నేనేమన్నానో ఉన్నదున్నట్టు డాక్టరమ్మకు చెప్పేశాను. తిడతారనుకున్నాను. తిట్టి ఉంటే బాగుండేది. కళ్ళద్దాలు తీసి తుడుచుకుని, "ఇకమీదట ఈ గదిలో ఆ మాట వినపడకూడదు. 'అయిపోయింది, డాక్టరు చెప్తారు.' అంతవరకే" అన్నారు.

కాలు జారితే తీసుకోవచ్చు గానీ నోరు జారితే తీసుకోలేమంటారు. నాకు ఆ సామెత అంటే ఒళ్ళుమంట, చిన్నప్పటి నుంచి ప్రతివాళ్ళూ నాకే చెప్పేవారు గనక. ఆ రాత్రి దాన్ని తలుచుకుని ఏడ్చాను.

కార్డు రాశాం. జవాబు లేదు. మళ్ళీ రాశాం. డాక్టరమ్మ కాళ్ళావేళ్ళా పడి, ఒక ఆదివారం ఆరాధన మానుకుని నేనే బయలుదేరాను. గూడూరులో బస్సు మారి, వాకాడులో దిగి, కాలువ పడవలో దాటి, సరుగుడు తోపులోంచి ఇసకలో నడిచేసరికి మిట్టమధ్యాహ్నమైంది. అతని భార్య గుడిసె ముందు చేపలకు ఉప్పు పట్టిస్తోంది. పక్కన పాకే పిల్ల, చేతికందిన గవ్వనల్లా నోట్లో పెట్టుకుంటోంది. అతను అప్పుడే తెప్ప దిగి వచ్చాడు. నన్ను చూసి ఎంత సంతోషించాడంటే, నాకు అక్కడే భూమిలోకి దిగిపోదామనిపించింది.

"ఇదిగో మే, ఫోటో తీసిన అమ్మ! నేను చెప్పలా? ఈమే!" అని భార్యకు చూపించి, నాకు టెంకాయ కొట్టించాడు.

అది తాగకుండానే చెప్పాను. "అన్నా, నీ రొమ్ములో గుల్ల పడిందంట. సూదులెయ్యాల. మందులు మింగాల. నువ్వు నాతో రావాల."

"బాగొచ్చిందన్నావే?"

"ఫోటో బాగా వచ్చిందన్నా. నీ రొమ్ము బాగుందనలా."

"ఫోటో నాదేగదా?" అన్నాడు అతను, పిల్లలకు చెప్పినట్టు. "నేను బాగుంటేనే గదా ఫోటో బాగొచ్చేది? కుళ్ళిన చేపను తీస్తే ఫోటో బాగొస్తాదా?"

చుట్టూ చేరిన నలుగురూ నవ్వారు. మళ్ళీ మొదలుపెట్టాను. ఫిల్ము వేరు, ఒళ్ళు వేరు అన్నాను. "ఎవురిదో ఫోటో నాదానితో మారిపోయుంటాది. నువ్వే గదా మళ్ళీ అక్కర్లేదన్నావు. ఒకసారి అక్కర్లేదంటావు, ఒకసారి రమ్మంటావు" అన్నాడు. నా మాటతోనే నా నోరు కట్టేశాడు. అక్కడ నాకు కోపమొచ్చింది. అతని మీద కాదు, నా మీద. కానీ బయటికొచ్చింది అతని మీదే.

"క్షయ అన్నా నీకు! క్షయ! ప్రాణం మీదికొస్తే ఈ మొండితనమేంది? ఈ బిడ్డకు గూడా అంటిస్తావా?"

పాళెమంతా వినపడేలా అరిచాను. నవ్వుతున్నవాళ్ళు నవ్వు ఆపి, ఒక్కొక్కరే వెనక్కి జరిగారు. తెప్పలో అతనితో పాటు పోయే మనిషి కూడా జరిగాడు. అతను వాళ్ళందరినీ చూశాడు. తర్వాత నన్ను చూశాడు. "పొయ్యిరామ్మా" అని ఒక్క మాట అని, వల భుజానేసుకుని నీళ్ళ వైపు పోయాడు.

చేసిన తప్పు దిద్దుకుందామని పోయి దాని మీద ఇంకొకటి పేర్చి వచ్చాను. నాలాంటి దాన్ని పంపకుండా డాక్టరమ్మ వేరే ఎవరినైనా పంపి ఉంటే అతను వచ్చేవాడేమో. ఆ మాట ఆవిడతో అంటే, "పోతానని పట్టుబట్టింది నువ్వే గదా" అన్నారు. నిజమే మరి.

అతని భార్య కాలువ దాకా నాతో వచ్చింది. పడవ ఎక్కబోతుంటే అడిగింది, "ఆ ఫోటో మీ కాడే ఉంటాదా అక్కా?"

"ఉంటుంది."

"పారెయ్యరు గదా?"

"లేదు, భద్రంగా ఉంచుతాం. ఆయన్ను తీసుకురా, చూపిస్తా" అన్నాను. మొగుణ్ణి ఒప్పించడానికే అడుగుతోందనుకుని కొంచెం ధైర్యం తెచ్చుకున్నాను.

క్షయ లేదని పాళేనికి నిరూపించడానికి అతను రోజూ వేటకు పోయాడట. ముసురుల్లో కూడా పోయాడట. వానాకాలం వెళ్ళి చలి మొదలైనాక ఆసుపత్రికి వచ్చాడు. తువ్వాలంతా నెత్తురు. సగం మనిషి అయిపోయాడు. మెషిను ముందు నిలబెట్టి, "గాలి పీల్చి బిగబట్టన్నా" అన్నాను. పీల్చాడు. పట్టలేకపోయాడు, దగ్గాడు. మళ్ళీ అన్నాను. మళ్ళీ దగ్గాడు. నా మాట కోసం మొహం ఎర్రబడేదాకా ఊపిరి పట్టిన మనిషి! చివరికి ఎట్లాగో తీశాను. ఫిల్ము అలికేసినట్టు వచ్చింది. ఇంకోసారి నిలబెట్టడానికి నాకు మనసొప్పలేదు.

బయటికి వచ్చాను. బల్ల మీద గోడకానుకుని కూర్చున్నాడు. "ఈసారి ఎట్లొచ్చిందమ్మా?" అన్నాడు.

"అయిపోయింది. డాక్టరమ్మ చెప్తారు" అన్నాను.

నన్నే చూస్తూ నవ్వాడు. "అయితే బాగ రాలేదన్నమాట."

సూదులు వేశారు. డాక్టరమ్మ చెయ్యవలసిందంతా చేశారు. చంటిపిల్లను వార్డులోకి రానివ్వరు గనక భార్య కంచె అవతల కూర్చునేది. ఎండలు ముదరకముందే అతను పోయాడు. బండి మీద తీసుకుపోతుంటే అందరూ గేటు దాకా వెళ్ళారు. నేను చీకటిగదిలో తలుపేసుకుని, కడిగిన తొట్టినే మళ్ళీ కడుగుతూ కూర్చున్నాను. ఆమె మొహం చూడలేకపోయాను. "కొన్ని నెలల ముందే వచ్చి ఉంటే బతికేవాడా అమ్మా?" అని డాక్టరమ్మను అడిగాను. బతికేవాడు కాదులే అంటారని నా ఆశ. "బతికేవాడేమో. నాకూ తెలీదు" అన్నారు. అబద్ధం చెప్పే మనిషి కాదు.

ఆ మొదటి ఫిల్ము పాఠానికి పనికొచ్చింది. గుల్ల అంత శుభ్రంగా కనపడేది మా దగ్గర ఇంకొకటి లేదు. కొత్తగా ఎవరు నేర్చుకోవడానికి వచ్చినా డాక్టరమ్మ దాన్నే తెప్పించేవారు. కాగితం సంచిలోంచి తీసి లైటుపెట్టెకు తగిలించేది నేనే. "ఎవరు తీశారు?" అని పిల్లలు అడిగేవారు. ఆవిడ నన్ను చూపించేవారు. వాళ్ళు నా వైపు గౌరవంగా చూసేవారు. తర్వాత ఆవిడ, రోగితో ఏ మాట అనకూడదో చెప్పేవారు. ఆ మాట అన్నదెవరో మాత్రం చెప్పేవారు కాదు. ఆ దయ నాకు ముల్లులా ఉండేది. ఒకసారి నేనే లేచి, "అన్నది నేనే" అన్నాను. వాళ్ళు ఆ తర్వాత నన్ను ఇంకా గౌరవంగా చూశారు. చూడండి నా ఖర్మ.

కొన్నేళ్ళు గడిచాయి. ఒకరోజు పాఠం నడుస్తుండగా గుమ్మంలో ఒకామె, పక్కన పిల్ల. పిల్లకు కొత్త గౌను, నున్నగా దువ్విన తల, మొహానికి పౌడరు. ఆమెను చూడగానే గుర్తుపట్టాను, ఆ తెప్ప మనిషి భార్య. తిట్టడానికి వచ్చిందనుకున్నాను. ఇన్నాళ్ళకైనా వచ్చిందిలే, తిట్టనీ అనుకున్నాను.

"బాగుండావా అక్కా?" అంది. "ఆయన ఫోటో కోసరం వచ్చినా. భద్రంగా పెడతామన్నావు గదా. దీనికి వాళ్ళ నాయన మొహం గురుతు లేదు. చూపిస్తానని తీసుకొచ్చినా. శానా బాగొచ్చిందంట గదా, ఆ పొద్దు ఊరంతా తిరిగి చెప్పుకున్నాడు."

వెనక లైటుపెట్టె వెలుగుతోంది. దాని మీద ఉన్నది అదే ఫిల్ము. నేను చెప్పకముందే డాక్టరమ్మకు అర్థమైంది. పాఠానికొచ్చిన వాళ్ళందరినీ బయటికి పంపేశారు.

"అదే" అని చూపించాను.

ఆమె దగ్గరికి పోయి చూసింది. పక్కకు వంగి చూసింది. పెట్టె వెనక్కి కూడా పోయి చూసింది. "మొహం యాడుందక్కా?"

"మొహం పడదమ్మా" అన్నాను. "రొమ్ము లోపల ఉండేదే పడుతుంది."

ఎన్ని వందల మంది ఆడవాళ్ళకు నవ్వుతూ చెప్పిన మాట! పిల్ల తల్లి కొంగు లాగి, "నాయన యాడమ్మా?" అని అడుగుతోంది. "తీసుకుపో, నీదే ఇది" అని డాక్టరమ్మ ఫిల్ము తీసి చేతికివ్వబోయారు. ఆమె తీసుకోలేదు.

"వద్దులేమ్మా. ఎముకలు చూస్తే బిడ్డ జడుసుకుంటాది."

పిల్లను చంకనెత్తుకుంది. గుమ్మం దాకా పోయి, నా దగ్గర ఆగింది. గొంతులో కోపం లేదు. ఉత్త బాధే.

"మొహం రాదని ఆ పొద్దే ఒక మాట చెప్పుంటే, టేషను కాడ ఇంకొకటి తీయించుకొనుండేవాడు గదక్కా."